కాంగ్ (కౌంటీ మేయో, ఐర్లండ్): తరచుగా అడిగే ప్రశ్నలు

కాంగ్ ఎక్కడుంది? ఎంత ఊరు?

ఐర్లండ్ పడమటి భాగంలో, మేయో కౌంటీ దక్షిణపు అంచున ఉంది. ఊరు దాటితే గాల్వే కౌంటీయే. ఉత్తరాన మాస్క్ సరస్సు, దక్షిణాన కోరిబ్ సరస్సు. ఆ రెంటి మధ్య మిగిలిన ఇరుకు నేల మీద రెండు మూడు వీధులు, ఒక పాడుబడిన మఠం, నాలుగైదు పబ్బులు, చుట్టూ అడవి. తీరిగ్గా నడిచినా పావుగంటలో ఊరు అయిపోతుంది. గాల్వే నగరం నుంచి సుమారు 45 కిలోమీటర్లు, కారులో గంటలోపు ప్రయాణం.

చాలామంది ఇక్కడికి 'ద క్వైట్ మ్యాన్' సినిమా కోసమో, ఆష్‌ఫర్డ్ కోట హోటల్ కోసమో వస్తారు. మా సలహా ఏమిటంటే ముందు నీళ్ళు చూడండి. మఠం, చేపల గది, ఎండిన కాలువ అన్నీ ఆ నీళ్ళతో ముడిపడ్డవే.

ఊళ్ళో ఎటు చూసినా పారే నీళ్ళే. కానీ మ్యాపులో నది చాలా చిన్నది. ఇంత నీరు ఎక్కణ్ణుంచి వస్తోంది?

మాస్క్ సరస్సు నుంచి, భూమి కింద నుంచి వస్తోంది. మాస్క్ మట్టం కోరిబ్ కంటే దాదాపు 10 మీటర్లు ఎక్కువ. అయినా ఒక సరస్సు నుంచి రెండోదానికి నేల మీద పారే సహజమైన నది లేదు. మధ్యలో ఉన్నదంతా సున్నపురాయి. వాన నీటిలో కలిసే కొద్దిపాటి ఆమ్లానికి ఈ రాయి వేల ఏళ్ళుగా కరుగుతూ వచ్చింది. పగుళ్ళు గొట్టాలయ్యాయి, గొట్టాలు గుహలయ్యాయి. మాస్క్ దక్షిణపు ఒడ్డున రాళ్ళ సందుల్లోకి దిగిన నీరు కొన్ని కిలోమీటర్లు చీకట్లో ప్రయాణించి కాంగ్‌లో ఊటలుగా పైకి లేస్తుంది. అక్కడ పుట్టిన కాంగ్ నది మఠం పక్కగా, కోట పక్కగా పారి, కాసేపట్లోనే కోరిబ్‌లో కలిసిపోతుంది.

దీన్ని కళ్ళారా చూడాలంటే పిజన్ హోల్ గుహకి వెళ్ళాలి. ఊరికి పడమరగా అడవిలో ఉంది, మఠం వెనక వంతెన దాటి నడిచి వెళ్ళొచ్చు. నేలలో పెద్ద గుంత, లోపలికి అరవై చిల్లర రాతిమెట్లు, అడుగున పారే నది. రెండు జాగ్రత్తలు తీసుకోండి. మెట్లకి నాచు పట్టి ఉంటుంది, వాన పడినా పడకపోయినా జారతాయి, కాబట్టి గాడి ఉన్న అడుగుల బూట్లు తప్పనిసరి. ఫోన్ లైటు చాలదు, టార్చి తీసుకెళ్ళండి. పెద్ద వానల తర్వాత నీటిమట్టం పెరిగి కింది మెట్లు మునిగిపోతాయి. అలాంటప్పుడు పైనుంచి చూసి వచ్చేయడమే మేలు. ఈ గుహలో ఒక తెల్ల చేప ఉందని, అది మాయారూపంలో ఉన్న అమ్మాయి అని పాత కథ. చేప కనబడకపోతే నిరాశపడకండి.

ఎండిన కాలువ అంటే ఏమిటి? అసలు దాంట్లో నీళ్ళెప్పుడూ పారలేదా?

అన్నిటికన్నా ఎక్కువగా అపార్థమైన కట్టడం ఇదే. 1845లో బంగాళాదుంప పంటకి తెగులు సోకి మహాకరువు మొదలైంది. 1841లో సుమారు 3,89,000 ఉన్న మేయో జనాభా 1851కి 2,74,000కి పడిపోయింది. చనిపోయినవాళ్ళు కొందరు, ఓడలెక్కినవాళ్ళు కొందరు. కౌంటీ ఆ దెబ్బ నుంచి ఇప్పటికీ తేరుకోలేదు. 2022 లెక్కల్లో మేయో జనాభా సుమారు 1,38,000, అంటే కరువుకి ముందు ఉన్నదాంట్లో సగం కూడా లేదు.

ఆ కరువు మధ్యలో, 1848లో ఈ కాలువ పని మొదలైంది. జనానికి కూలి దొరుకుతుంది, మాస్క్ వరదనీరు తగ్గుతుంది, గాల్వే సముద్రం నుంచి పడవలు కోరిబ్ దాటి మాస్క్ దాకా వస్తాయని మూడు ఆశలు. గాల్వే వైపు ఎగ్లింటన్ కాలువ 1852లో పూర్తయింది కూడా. కాంగ్ దగ్గర మాత్రం సున్నపురాయి అడ్డొచ్చింది. తవ్విన అడుగే బీటలమయం, పోసిన నీరు పోసినట్టు కిందికి దిగిపోయేది. అడుగంతా బంకమట్టితో దిమ్మిస వేసి మెత్తితే ఆపవచ్చు, కానీ దానికి ఖర్చు చాలా అవుతుంది. ఈలోపు రైళ్ళు వచ్చాయి, పడవల వ్యాపారం మీద నమ్మకం పోయింది. 1854లో పడవల రవాణా ఆలోచనని ప్రభుత్వం వదిలేసింది.

అందుకని "ఇంజనీర్లు కాలువ తవ్వి గేటు తెరిస్తే నీళ్ళు మాయమయ్యాయి" అని పబ్బులో చెప్పే కథ వినడానికి బాగుంటుంది కానీ పూర్తిగా నిజం కాదు. డబ్బు, రైలు, రాయి మూడూ కలిసి ఆపేశాయి. పైగా కాలువ పూర్తిగా వృథా కూడా కాలేదు. శీతాకాలంలో భూగర్భజలం పైకొచ్చినప్పుడు దాంట్లో నీరుంటుంది, మాస్క్ వరద కొంత దాని గుండా పోతుంది. వేసవిలో చూస్తే గడ్డి మొలిచిన కందకం. ఊరి దగ్గర లాకుల రాతిగోడలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి, ధవళేశ్వరం దగ్గర మనం చూసే లాకుల్లాంటివే. చెక్కిన రాళ్ళు ఇప్పుడే పేర్చినంత పొందికగా ఉంటాయి. పడవ మాత్రం వాటి మధ్య ఒక్కటీ వెళ్ళలేదు.

మఠం ఎప్పటిది? ఎవరు కట్టారు?

7వ శతాబ్దంలో సెయింట్ ఫెహీన్ ఇక్కడ తొలి మఠం స్థాపించాడు. ఆయన 665లో పచ్చజ్వరం అని చరిత్రలో చెప్పే అంటువ్యాధితో చనిపోయాడు. ఆనాటి కట్టడం ఏదీ మిగల్లేదు. ఇప్పుడు కనిపించేది ఆ తర్వాత అగస్టీనియన్ సన్యాసులది. 12వ శతాబ్దంలో కానాట్ (ఐర్లండ్ పడమటి రాజ్యం) రాజు టర్లో ఓకానర్ దీన్ని ఆదరించి కట్టించాడు. ఆయన కొడుకు రోరీ ఓకానర్ ఐర్లండ్‌కి చివరి మహారాజు. నార్మన్లు వచ్చాక 1175లో ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీతో విండ్సర్ ఒప్పందం చేసుకున్నాడు, కానీ రాజ్యం నిలబెట్టుకోలేకపోయాడు. సొంత కొడుకులతోనే గొడవలు. చివరి రోజులు ఈ మఠంలో గడిపి 1198లో కన్నుమూశాడు. సమాధి మాత్రం ఇక్కడ లేదు, షానన్ నది ఒడ్డున క్లాన్‌మక్‌నాయిస్‌లో ఉంది. ఐదేళ్ళు తిరక్కుండానే, 1203లో నార్మన్ ప్రభువు విలియం డి బర్గ్ ఊరి మీద పడ్డాడు. మళ్ళీ కట్టారు. 1542లో ఎనిమిదో హెన్రీ మఠాలన్నీ రద్దుచేసే పనిలో దీన్నీ మూయించాడు.

చూసేటప్పుడు ఒక తేడా గమనించండి. సన్యాసులు తిరిగే వరండా తోరణాల్లో చాలా భాగం 1860 ప్రాంతంలో, అప్పటి కోట యజమాని బెంజమిన్ లీ గిన్నిస్ డబ్బుతో తిరిగి కట్టినవి. స్థానిక శిల్పి పీటర్ ఫోయ్ పాతవాటిని చూసి కొత్తవి చెక్కాడు. అసలైన 13వ శతాబ్దపు పనితనం తూర్పు వైపు తలుపు తోరణాల్లో ఉంది. అక్కడి ఆకులూ లతలూ అరిగి మెత్తబడ్డాయి, కొత్తవి ఇంకా పదునుగా ఉన్నాయి. వేలితో తడిమితే తేడా తెలిసిపోతుంది. (పాతవాటిని తడమకండి.)

నది మధ్యలో ఉన్న ఆ చిన్న రాతి గది ఏమిటి?

సన్యాసుల చేపల గది. 15 లేదా 16వ శతాబ్దానిది కావచ్చు. చిన్న తోరణం మీద, నీటిపై వేసిన రాతి అరుగు మీద కట్టారు. పైకప్పు పోయింది. లోపల నేలలో ఒక రంధ్రం ఉంది, దాంట్లోంచి వల దింపేవాళ్ళు. పక్కనే పొయ్యి, అంటే చలికాలంలో కూర్చునేవాడికి వెచ్చదనం కూడా ఏర్పాటు చేశారు. చేప పడితే తాడు లాగి మఠం వంటింట్లో గంట మోగించేవాళ్ళని అంటారు. తాడుకీ గంటకీ ఆధారం లేదు, గది పనితనం మాత్రం ఎదురుగా ఉంది. లోపలికి వెళ్ళి ఆ రంధ్రంలోంచి కిందికి చూడండి, నీటి వేగం అప్పుడే తెలుస్తుంది.

కాంగ్ శిలువ కాంగ్‌లో ఎందుకు లేదు?

డబ్లిన్‌లో, కిల్డేర్ వీధిలోని నేషనల్ మ్యూజియంలో ఉంది. దాని కోసమే కాంగ్ దాకా వచ్చి వెతికేవాళ్ళు ఏటా ఉంటారు, అందుకే ముందే చెబుతున్నాం.

1123లో టర్లో ఓకానర్ చేయించిన ఊరేగింపు శిలువ ఇది. ఏసు శిలువలోని చెక్కముక్క అని నమ్మిన ఒక అవశేషాన్ని భద్రపరచడానికి చేశారు. ఎత్తు 76 సెంటీమీటర్లు, వెడల్పు 48. లోపల ఓక్ చెక్క, పైన రాగిమిశ్రమ లోహపు రేకులు, వాటిమీద బంగారు తీగపని. నట్టనడుమ స్ఫటికం బిళ్ళ, అవశేషం దాని వెనకే ఉండేదట, ఇప్పుడు లేదు. మ్యూజియంలో అద్దం దగ్గరగా వంగి కింది భాగం చూడండి, ఒక జంతువు తల శిలువ కాలిని నోట కరిచి పట్టుకున్నట్టు ఉంటుంది. అంచుల వెంట చెక్కిన అక్షరాల్లో రాజు పేరుతోపాటు చేసిన పనివాడి పేరు కూడా ఉంది. ఆ కాలంలో కంసాలి పేరు మిగలడం అరుదు.

మఠం మూతబడ్డాక శిలువ ఊళ్ళోనే రహస్యంగా ఉండిపోయింది. 19వ శతాబ్దం మొదట్లో స్థానిక పూజారి ఫాదర్ ప్రెండర్‌గాస్ట్ దగ్గర ఉండేది. ఆయన తర్వాత 1839లో గణితవేత్త జేమ్స్ మకల్లా వంద గినీలకి కొని రాయల్ ఐరిష్ అకాడమీకి ఇచ్చాడు. అక్కణ్ణుంచి మ్యూజియానికి చేరింది.

కోట లోపలికి వెళ్ళొచ్చా?

ఆష్‌ఫర్డ్ కోట 1939 నుంచి హోటల్. బస చేయనివాళ్ళు గేటు దగ్గర రుసుము కట్టి తోటల్లో తిరగొచ్చు. గదుల్లోకి, హాళ్ళలోకి ఊరికే పోనివ్వరు. 1228లో డి బర్గ్ వంశం కట్టిన కోటతో మొదలైనా, కళ్ళకి కనిపించేదాంట్లో ఎక్కువ భాగం 19వ శతాబ్దపు గిన్నిస్ కుటుంబానిదే. అవును, ఆ బీరు గిన్నిసే. 1852లో బెంజమిన్ లీ గిన్నిస్ కొన్నాడు, కొడుకు లార్డ్ ఆర్డిలాన్ పెంచి, అడవులు నాటించాడు. మీరు పిజన్ హోల్‌కి నడిచే దారి ఆ అడవిలోదే, దానికి రుసుము లేదు.

'బాయ్‌కాట్' అనే మాటకి మూలమైన కెప్టెన్ బాయ్‌కాట్ ఇక్కడివాడేనా?

ఇక్కడికి ఉత్తరాన, మాస్క్ సరస్సు ఒడ్డున ఉండేవాడు. లార్డ్ ఎర్న్ భూములకి ఏజెంటు. 1880లో పంటలు దెబ్బతిని కౌలుదార్లు శిస్తులో 25 శాతం తగ్గించమన్నారు. యజమాని 10 శాతానికే ఒప్పుకున్నాడు. సెప్టెంబరులో ఖాళీ చేయమని నోటీసులు ఇవ్వడానికి మనుషులు వస్తే ఆడవాళ్ళు బురద, పేడ విసిరి తరిమేశారు. ఆ మరుసటి రోజు నుంచి బాయ్‌కాట్‌కి పనిచేసేవాళ్ళు లేరు. కూలీలు మానేశారు, కమ్మరి నాడాలు వేయనన్నాడు, బట్టలు ఉతికేవాళ్ళు రాలేదు, దుకాణం సరుకు ఇవ్వలేదు. ఎవరూ ఒక్క దెబ్బ కొట్టలేదు.

నవంబరులో ఉత్తరాది కౌంటీలు కేవన్, మోనహన్ నుంచి 50 మంది స్వచ్ఛందంగా పంట కోయడానికి వచ్చారు. వాళ్ళ కాపలాకి దాదాపు వెయ్యిమంది సైనికులు, పోలీసులు. సుమారు 500 పౌండ్ల విలువైన దుంపల కోసం ప్రభుత్వానికి 10,000 పౌండ్లు ఖర్చయిందని అప్పట్లో లెక్కవేశారు. పని అయ్యాక బాయ్‌కాట్ ఆ ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. మన అసెంబ్లీ వార్తల్లో రోజూ వినే బాయ్‌కాట్ ఇతని పేరే. పక్క ఊరు ద నీల్‌కి చెందిన ఫాదర్ జాన్ ఓమాలీ ఆ పేరుని క్రియగా వాడమన్నాడని చెబుతారు. ఆ ఇల్లు ఇప్పుడు ప్రైవేటు ఆస్తి, గేటు బయటి నుంచే చూడాలి.

సినిమా సంగతేమిటి?

జాన్ ఫోర్డ్ తీసిన 'ద క్వైట్ మ్యాన్' షూటింగు 1951 వేసవిలో ఇక్కడ జరిగింది. జాన్ వెయిన్, మౌరీన్ ఓహారా నటించారు. 1952లో విడుదలై దర్శకత్వానికి, ఛాయాగ్రహణానికి ఆస్కార్లు తెచ్చుకుంది. ఇద్దరి విగ్రహం 2013లో ఊళ్ళో పెట్టారు. తెలుసుకోవాల్సిన చిక్కులు మూడు. ప్యాట్ కోహన్ పబ్బు అని సినిమాలో చూపించింది అప్పట్లో కిరాణా కొట్టు, నిజం పబ్బుగా మారింది ఈ మధ్యనే. ఊళ్ళోని మ్యూజియం కుటీరం నమూనా మాత్రమే, హీరో ఇంటి అసలు శిథిలాలు మామ్ అనే ఊరి దగ్గర ఉన్నాయి. సినిమాలోని రైల్వే స్టేషను గాల్వే కౌంటీలోని బాలిగ్లునిన్. మూడూ ఒకే రోజు చూడాలంటే కారు ఉండాల్సిందే.

చేపలు పట్టాలంటే?

కోరిబ్ సహజంగా పెరిగే బ్రౌన్ ట్రౌట్ చేపకి పేరు. సీజను ఫిబ్రవరి 15 నుంచి సెప్టెంబరు 30 వరకు. బ్రౌన్ ట్రౌట్‌కి ప్రభుత్వ లైసెన్సు అక్కర్లేదు, సాల్మన్‌కి కావాలి. ఎన్ని ఉంచుకోవచ్చు, ఎంత పొడవుండాలి అన్న నియమాలు మారుతుంటాయి, పడవ ఎక్కేముందు అడిగి తెలుసుకోండి.

అసలు సందడి మే నెలలో, మేఫ్లై అనే పురుగు నీళ్ళలోంచి లేచినప్పుడు. అప్పుడు చేసేది డాపింగ్. 15 అడుగులు, అంతకుమించిన గడకర్ర, చివర తేలికైన మెత్తని దారం, గాలికి అది తెరచాపలా ఎగురుతుంది. గాలానికి ఒకటి రెండు బతికున్న మేఫ్లైలు గుచ్చి, పడవని గాలికి అడ్డంగా వదిలేసి, పురుగు మాత్రమే నీటి ఉపరితలాన్ని తాకేలా కర్ర ఎత్తి పట్టుకోవాలి. కొత్తవాళ్ళు చేసే తప్పు ఒక్కటే, చేప పైకి రాగానే ఠక్కున లాగడం. అప్పటికి అది నోరు మూయదు, గాలం ఊడి వస్తుంది. చేప తల కిందికి తిప్పేదాకా రెండు మూడు క్షణాలు ఆగి, నెమ్మదిగా కర్ర ఎత్తాలి. గాలి బొత్తిగా లేని రోజు డాపింగ్ కుదరదు, దారం లేవదు.

సరస్సు అడుగున కనబడని బండలు చాలా. దారి తెలిసిన గిల్లీని, అంటే పడవ నడిపే స్థానికుణ్ణి మాట్లాడుకోండి. లైఫ్ జాకెట్ చట్టప్రకారం తప్పనిసరి. మీ సొంత వలలూ బూట్లూ తెచ్చుకుంటే వేడినీళ్ళతో కడిగి పూర్తిగా ఆరబెట్టి తేవాలి. 2005లో లాగరోసైఫన్ అనే విదేశీ కలుపు, ఆ తర్వాత జీబ్రా మసల్ అనే ఆల్చిప్ప కోరిబ్‌లోకి చేరి చాలా నష్టం చేశాయి.

ఇళ్ళల్లో తినే బ్రౌన్ బ్రెడ్ మనం చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. ఈస్టు అక్కర్లేదు, పులవబెట్టే పనీ లేదు. గోధుమపిండి 250 గ్రాములు, మైదా 250, ఉప్పు చెంచా, వంటసోడా చెంచా, చిక్కటి పుల్లమజ్జిగ 400 మి.లీ. సోడాని జల్లెడ పట్టి పిండిలో కలపండి, ఉండలు మిగిలితే బ్రెడ్‌లో పసుపు మచ్చలు, సబ్బు రుచి వస్తాయి. మజ్జిగ ఒక్కసారే పోసి చేత్తో అర నిమిషంలో కలిపేయాలి. చపాతీ పిండిలా పిసికితే రాయి అవుతుంది. గుండ్రంగా చేసి, పైన కత్తితో లోతుగా శిలువ గీత గీసి, ముందే వేడిచేసిన ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు ఉంచాలి. అడుగున తడితే డొల్ల శబ్దం రావాలి. మన ఇళ్ళల్లో నీళ్ళు కలిపిన మజ్జిగ పనికిరాదు, పులుపు చాలక సోడా పొంగదు. పుల్లపెరుగులో కొద్దిగా నీళ్ళు కొట్టి వాడండి.

ఆదివారం మధ్యాహ్నం పబ్బులో అందరూ ఎందుకంత దిగులుగా ఉన్నారు?

మేయో కౌంటీ జట్టు గేలిక్ ఫుట్‌బాల్ (ఐర్లండ్ సొంత ఆట) ఆడి ఉంటుంది. ఆల్ ఐర్లండ్ కప్పు చివరిసారి 1951లో గెలిచింది. 1989 నుంచి 2021 దాకా 11 ఫైనల్స్ ఓడింది. శాపం ఉందంటారు, 1951లో గెలిచి వస్తున్న ఆటగాళ్ళు దారిలో శవయాత్రకి ఆగలేదట. సరిహద్దు అవతలి గాల్వే అభిమానుల ముందు ఈ ప్రస్తావన తేకండి, వాళ్ళే తెస్తారు.

ఎలా రావాలి? కారు నడపొచ్చా?

ఊరికి రైలు లేదు. బస్సులు రోజుకి కొన్నే, టైము చూసుకునే బయల్దేరాలి. కారైతే గాల్వే నుంచి హెడ్‌ఫర్డ్, క్రాస్ మీదుగా రావాలి. మనలాగే ఎడమవైపు డ్రైవింగు. పర్యాటకులు చెల్లుబాటయ్యే భారత లైసెన్సుతో 12 నెలల దాకా నడపొచ్చు, అద్దె కంపెనీలు అంతర్జాతీయ పర్మిట్ అడగొచ్చు. 2025 ఫిబ్రవరి నుంచి చిన్న పల్లె రోడ్ల మీద గరిష్ఠ వేగం 80 నుంచి 60కి తగ్గింది. మలుపు అవతల ట్రాక్టరో గొర్రెల మందో ఉంటుందని అనుకునే నడపండి. ఎదురొచ్చేవాళ్ళు స్టీరింగు మీంచి ఒక వేలు ఎత్తితే అది పలకరింపు, మీరూ ఎత్తండి.

వీసా?

ఐర్లండ్ షెంగెన్‌లో (యూరప్ దేశాల ఉమ్మడి వీసా ప్రాంతం) లేదు, ఆ వీసా చెల్లదు. భారతీయులకి ఐరిష్ వీసా కావాలి. బ్రిటిష్ వీసా మీద బి.ఐ.వి.ఎస్. (బ్రిటిష్-ఐరిష్ వీసా పథకం) అని ముద్ర ఉంటే, ముందు బ్రిటన్‌లో దిగి అక్కణ్ణుంచి ఐర్లండ్ రావచ్చు. ముద్ర లేని బ్రిటిష్ వీసా చాలుతుందని అనుకోవద్దు. చాలామంది పొరబడేది ఇక్కడే, టికెట్టు కొనేముందే వీసా చూసుకోండి.

ఏ నెలలో రావడం మంచిది?

చేపలకైతే మే. నడకకి మే, జూన్, సెప్టెంబరు. జూన్‌లో రాత్రి పదింటి దాకా వెలుగుంటుంది, డిసెంబరులో నాలుగున్నరకే చీకటి. ఊటలూ కాలువా నీళ్ళతో నిండుగా చూడాలంటే మాత్రం శీతాకాలమే. అప్పుడు హోటళ్ళు కొన్ని మూసి ఉంటాయి, రెయిన్‌కోటు లేకుండా గడప దాటలేరు. గొడుగు ఇక్కడి గాలికి తిరగబడిపోతుంది, సూట్‌కేసులో దానికి చోటు వృథా.